పెన్‌డ్రైవ్ పంచితే పని అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లను తుక్కుకు వేయకుండా లినక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టం) ఎక్కించి బడులకిద్దామని ముందుకొచ్చేవాళ్లు కొన్ని సంగతులు పట్టించుకోవాలి. ఇందులో ఎక్కించడం తేలిక, ఇచ్చాక నడవడమే కష్టం.

మొదట ప్రాసెసర్ చూడండి. లినక్స్ రకాల్లో డెబియన్ ఒకటి. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ (పాత తరం ప్రాసెసర్ ఉన్న) పీసీలకు ఇన్‌స్టాలరూ లేదు, కెర్నలూ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) లేదు. అలాంటివి డెబియన్ 12 దగ్గరే ఆగిపోతాయి. అయితే 32 బిట్ విండోస్ ఉన్నంత మాత్రాన యంత్రం 32 బిట్‌ది కానక్కర్లేదు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఏమీ ఎక్కించకుండానే లినక్స్ నడిపేది) తెరిచి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ (lscpu) అనే ఆదేశం కొడితే అసలు సంగతి తెలుస్తుంది. డెబియన్ 11 పాత కాపీలు చేతిలో ఉంటే పక్కన పెట్టేయండి. వైఫైకి కావలసిన ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం) అధికారిక ఇన్‌స్టాలర్‌లోకి వచ్చింది 12 నుంచే.

ఐఎస్ఓ (ఇన్‌స్టాల్‌కు కావలసిన ఫైలు) దించుకోగానే షా256 (ఫైలు చెడిపోలేదని తేల్చే గుర్తు) సరిచూడాలి. పెన్‌డ్రైవ్‌కు రాశాక వెనక్కి చదివి అసలు ఫైలుతో పోల్చాలి. చవక పెన్‌డ్రైవ్‌లు రాసేటప్పుడు ఏమీ అనవు, ఇన్‌స్టాల్ సగంలో ఉండగా మొండిచెయ్యి చూపిస్తాయి.

2 జీబీ ర్యామ్ ఉంటే గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్ జోలికి పోకుండా తేలికైన ఎల్‌ఎక్స్‌క్యూటీ వేయండి. నిజానికి ర్యామ్ తినేది డెస్క్‌టాప్ కాదు, బ్రౌజర్. జెడ్‌ర్యామ్-టూల్స్ అనే ప్యాకేజీ వేసి, దాని సెట్టింగుల ఫైలులో పర్సెంట్ 50 పెట్టండి. ర్యామ్‌లోని డేటానే కుదించి దాస్తుంది కాబట్టి హార్డ్ డిస్కు గరగరలు తగ్గుతాయి. స్వాపీనెస్ (ర్యామ్‌లోని డేటాను స్వాప్‌కు, అంటే దాచే పక్క చోటుకు, ఎంత తొందరగా తరలించాలో చెప్పే సెట్టింగు) 10కి దించమనే సలహా నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అది డిస్కు మీది స్వాప్‌కు చెప్పిన మాట. జెడ్‌ర్యామ్ ఉంటే మామూలు 60 నుంచి 100కి పెంచాలి.

ఇరవై కంప్యూటర్ల ల్యాబ్ అయితే ఒకదాన్ని సిద్ధం చేసి మిగతావాటికి క్లోన్ (మొత్తం నకలు) చేస్తారు. ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. ఈటీసీ (/etc) ఫోల్డరులోని మెషీన్-ఐడీ ఫైలు (యంత్రపు గుర్తింపు ఉండేది) కూడా అలాగే కాపీ అవుతుంది. నెట్‌వర్క్ అమరికను బట్టి రౌటర్ వాటన్నిటినీ ఒకే యంత్రమనుకొని ఒకే ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) ఇస్తుంది. పది నిమిషాలు నెట్ వస్తుంది, పది నిమిషాలు పోతుంది. తప్పేమో నెట్‌వర్క్ స్విచ్ మీద పడుతుంది! క్లోన్ తీసేముందు ఆ ఫైలును ఖాళీ చేయాలి, తొలగించకూడదు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే పద్ధతి) హోస్ట్ కీలను, అంటే యంత్రాన్ని గుర్తుపట్టించే తాళాలను, మాత్రం తొలగించి, ప్రతి యంత్రంలో కొత్తవి పుట్టించాలి.

ఇంకొకటి కంప్యూటర్ గడియారాన్ని నడిపే సీఆర్2032 బ్యాటరీ. అది చచ్చిపోతే తేదీ వెనక్కి పోతుంది. నెట్ నుంచి సమయం దిద్దుకునే దారి తెరిచి ఉంటే ఫర్వాలేదు. ఫైర్‌వాల్ ఆ దారి మూస్తే మాత్రం రిలీజ్ ఫైలు (ప్యాకేజీల జాబితాకు చెందినది) ఇంకా చెల్లదంటూ ఆప్ట్ (డెబియన్‌లో ప్యాకేజీలు దించే ప్రోగ్రాం) మొరాయిస్తుంది, బ్రౌజర్ సైట్లను నమ్మనంటుంది. కేబుళ్లు మార్చేముందు తేదీ చూడండి.

అప్‌డేట్లు ఇరవై యంత్రాలూ విడివిడిగా దించుకుంటే చిన్న ఊరి కనెక్షన్ తట్టుకోదు. ఒకదానిలో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ (దించిన ప్యాకేజీలను దాచి మిగతావాటికి పంచేది) వేసి, మిగతావాటి ఆప్ట్ ప్రాక్సీని దాని 3142 పోర్టుకు తిప్పితే ఒక్కో ప్యాకేజీ బయటినుంచి ఒక్కసారే వస్తుంది. ఆ యంత్రం ఆపేసి ఉంటే మిగతావాటికి అప్‌డేట్లు రావని ల్యాబ్ చూసుకునేవారికి చెప్పి, దాని మీద చీటీ కూడా అంటించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ