టికెట్టు ముక్క దొరికింది

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. తిట్టుకునే ఉంటావు. పాత పుస్తకాలు దులుపుతుంటే ఒకదాంట్లోంచి సినిమా టికెట్టు ముక్క జారిపడిందిరా, పల్చటి గులాబీ కాగితం. అసలు ధర ఒక వరసలో, వినోదపు పన్ను ఇంకో వరసలో. ఆ రెండో వరస వంక మనం ఎప్పుడైనా చూశామా?

"సినిమాకి సర్కారు డబ్బెందుకు పెట్టాలి" అని కదా నీ గొడవ. ఫ్రాన్స్ సంగతి విను. 1946లో యుద్ధం అప్పుల మాఫీ కోసం అమెరికాతో ఒప్పందం చేసుకుని, బదులుగా హాలీవుడ్ సినిమాలకి తలుపులు తెరిచారు. తమ సినిమా మునిగిపోతుందని గోల. ఆ ఏడాదే జాతీయ సినిమా కేంద్రం పెట్టారు, 1948 నుంచి ప్రతి టికెట్టు మీదా కొంత తీసి మళ్లీ సినిమాలకే ఇస్తున్నారు. ఇప్పుడది 10.72 శాతం. తమాషా ఏంటంటే, హాలీవుడ్ సినిమా ఆడినా వాటా ఆ నిధికే పోతుంది. పొరుగింటి పాలతో మనింట్లో పెరుగు తోడేసుకున్నట్టు!

మన దగ్గరా పన్ను గట్టిగానే పిండారు. కానీ అది పోయింది రాష్ట్రాల ఖజానాకి. సినిమాకి మాత్రం విడిగా అప్పులు. సినిమాలకి అప్పిచ్చే సర్కారు సంస్థ ఒకటి పెట్టమని 1951లో పాటిల్ కమిటీ చెబితే, 1960కి గానీ ఆ ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ రాలేదు. తీసిపారేయను, మృణాల్ సేన్ 'భువన్ షోమ్' ఆ డబ్బుతో వచ్చిందే. అంతకుముందు బెంగాల్ సర్కారు 'పథేర్ పాంచాలి'కి డబ్బిచ్చి, పేరులో దారి ఉంది కదా అని రోడ్ల పద్దులో రాసుకుందట. మామూలు నిర్మాతకి బ్యాంకు తలుపు తెరుచుకుంది మాత్రం 1998లో పరిశ్రమ హోదా ఇచ్చాకే. అందాకా వడ్డీవ్యాపారులే దిక్కు.

అసలు చిక్కు ఇంకోటి. సినిమా తీయడానికి అప్పిచ్చారు, ఆడించడానికి హాలు చూపించలేదు. చాలా సినిమాలు డబ్బాల్లోనే మగ్గాయి. మనం చూసిందల్లా ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లోనే కదా. ముసలాయన బావి దాకా నడుస్తూనే ఉంటాడు, మీ నాన్నగారు "అవార్డు సినిమారా, పడుకోండి" అని టీవీ కట్టేసేవారు.

కొరియా వాళ్లు పట్టుకున్నది ఆ హాలునే. ఒక్కో థియేటరు ఏడాదికి 146 రోజులు సొంత సినిమా ఆడించి తీరాలన్నారు. 2006లో అమెరికా ఒత్తిడికి దాన్ని 73కి తగ్గిస్తే సినిమావాళ్లు రోడ్డెక్కారు. మరుసటి ఏడాది నుంచి టికెట్టు మీద 3 శాతం సినిమా నిధికి తీయడం మొదలెట్టారు. మళ్లీ టికెట్టే, చూశావా? ఇదొక్కటే చాలని నేననను. సొంతంగా మంచి కథ లేకపోతే ఎన్ని రోజులు ఆడించి ఏం లాభం? కానీ జనం ఇచ్చిన డబ్బు జనం చూసే సినిమాకే తిరిగి రావడం నాకు న్యాయంగా తోస్తోంది.

టికెట్టు ముక్క ఇందులో పెడుతున్నాను. వెనక్కి తిప్పి చూడు, నీ చేతిరాతే. ఇంటర్వెల్లో తిన్న సమోసాల లెక్క. నాకింకా రూపాయిన్నర బాకీ.

నీ,
శీను