13 గుడ్లు, ఒక్క చెమ్మా పడలేదు

నాన్నా,

ఎలా ఉన్నావ్, మోకాలి నొప్పి తగ్గిందా, అమ్మ బీపీ మాత్రలు టైముకి వేసుకుంటోందా. మొన్న ఫోన్లో "ఏరా, గుడ్లు పగిలాయా, తెల్లది వచ్చిందా" అని అడిగావ్ కదా, అప్పుడు ఆఫీసుకి లేటైపోతోంది, సరిగ్గా చెప్పలేకపోయా, మనసులో అదే ఉండిపోయింది, అందుకే ఇవాళ ఆదివారం కూర్చుని మొత్తం రాస్తున్నా. ముందు నీ ప్రశ్నకి జవాబు చెప్పేస్తా. రాలేదు నాన్నా. నేను పెంచుకునే కార్న్ స్నేక్ పాము గుడ్లలోంచి 13 పిల్లలు వచ్చాయి, ఒక్కటీ తెల్లది లేదు.

అమ్మకి కూడా చదివి వినిపించు, కార్న్ స్నేక్‌కి విషం ఉండదని మళ్ళీ ఒకసారి చెప్పు, మన జెర్రిపోతు ఎలాగో ఇది ఇక్కడ అమెరికాలో అలాగ, ఎలుకల కోసం మొక్కజొన్న గాదెల చుట్టూ తిరిగేది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసేటప్పుడు వీటి పేరు కూడా చెప్పుకుని దణ్ణం పెట్టమను, నాకు సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు లెక్క. మామూలు కార్న్ స్నేక్ ఒంటి మీద రెండు రంగులు పని చేస్తాయి, ఒకటి ఎరుపు-నారింజ, ఒకటి నలుపు. నా రెండు పాముల్లో కుంకుమకి నలుపు తయారవ్వదు, అందుకే ఒళ్ళంతా ఎరుపు, కళ్ళు కూడా ఎర్రగా ఉంటాయి, ఇక్కడ దాన్ని ఆమెల్ అంటారు. కాటుకకి ఎరుపు తయారవ్వదు, బూడిద మీద నల్ల మచ్చలు, అది ఎనరీ. 2022లో ఈ రెండింటినీ కలిపితే 11 పిల్లలూ మామూలు రంగులోనే పుట్టాయని చెప్తే నువ్వు "అదేంట్రా, అమ్మ రంగూ రాలేదు నాన్న రంగూ రాలేదు" అన్నావ్, తర్వాత నువ్వే నవ్వి "ఓహో, అంతర్గతం" అన్నావ్, అంటే లోపల ఉన్నా పైకి కనపడని లక్షణం. అంతే నాన్నా. కుంకుమ దగ్గర ఎరుపు తయారుచేసే సూత్రం, అంటే జన్యువు, బాగానే ఉంది, కాటుక దగ్గర నలుపు సూత్రం బాగానే ఉంది, పిల్లకి రెండు వైపుల నుంచీ ఒక్కో మంచి కాపీ అందింది, అది చాలు రెండు రంగులూ రావడానికి. పాడైన కాపీలు మాత్రం ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నాయి. అలా లోపల దాచుకున్న పాముని ఇక్కడ హెట్ అంటారు.

ఆ 11లో ఒక జత ఉంచుకుని ఆడది ఎదిగేదాకా మూడేళ్ళు ఆగా. అన్నాచెల్లెళ్ళని కలపడమేంట్రా అని అమ్మ అంటుంది, ఒక్క తరానికి ఇలా చేసేవాళ్ళు ఉన్నారు కానీ నేను మళ్ళీ చెయ్యను, అది కింద రాస్తా.

నాయనమ్మ చింతపిక్కలు సగానికి అరగదీసి అష్టాచెమ్మా ఆడించేది గుర్తుందా, ఒక వైపు నలుపు ఒక వైపు తెలుపు, ఈ లెక్క నాకు దాంతోనే అర్థమైంది. ఒక్కో గుడ్డుకీ నాలుగు పిక్కలు వేసినట్టు అనుకో, నల్ల వైపు పడితే మంచి కాపీ, తెల్ల వైపు పడితే పాడైన కాపీ. మొదటి రెండూ నలుపు రంగు సూత్రానివి, ఒకటి తల్లి పాము వేసింది ఒకటి తండ్రి పాము వేసింది, రెండూ తెల్లగా పడితేనే ఆ పిల్లకి నలుపు రాదు. తర్వాతి రెండూ ఎరుపు సూత్రానివి, అదీ అంతే. నాలుగూ తెల్లగా పడ్డాయంటే, అంటే చెమ్మా పడిందంటే, నలుపూ లేదు ఎరుపూ లేదు, పాల మీద కాస్త గులాబీ కలిపినట్టుండే పిల్ల, దాన్నే స్నో అంటారు. 16కి 1 వంతు. మిగతావి 9 మామూలువి, 3 ఆమెల్, 3 ఎనరీ. నువ్వు బోర్డు మీద రాసే మెండల్ బఠాణీలే, 556 గింజలు నాలుగు రకాలుగా 315, 108, 101, 32 వచ్చిన లెక్క.

ఆ ఆడది జూన్‌లో 15 గుడ్లు పెట్టింది. రెండు మొదట్నించీ పసుపుగా గట్టిగా ఉన్నాయి, అవి పోయాయి. మిగతావి తడి వర్మిక్యులైట్‌లో, అంటే తేమ పట్టి ఉంచే ఖనిజపు పలుకుల్లో, 28 డిగ్రీల దగ్గర పెట్టా, ఒక్కో గుడ్డుకీ పైన పెన్సిల్‌తో గుర్తు పెట్టా, ఎందుకంటే కోడి గుడ్డులా వీటిని తిప్పకూడదు, పెట్టిన వైపే ఉండాలి. రెండు నెలలు రోజూ పొద్దున్న లేవగానే అదే చూడ్డం.

ఆగస్టులో ఒక రాత్రి మొదటి గుడ్డు మీద బ్లేడుతో గీసినట్టు గీత కనపడింది. గుడ్డు పెంకులా పగలదు నాన్నా, తోలులా చీలుతుంది, ఆ చీలికలోంచి తెల్లటి జిగురు చుక్క, దాని వెనకాల చిన్న మూతి, ఊపిరి తీస్తుంటే బుడగ లేస్తూ ఆగుతూ. వెంటనే బయటికి రాదు, తల పెట్టుకుని రోజంతా అలాగే చూస్తుంది. మనకి ముందు తెలిసేది కన్ను. నల్ల కన్నైతే మామూలుది గానీ ఎనరీ గానీ, ఎర్ర కన్నైతే ఆమెల్ గానీ స్నో గానీ. ఎర్ర కళ్ళు మూడు కనిపించాయి. రెండు అదే రోజు బయటికొచ్చేశాయి, నారింజ మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. మూడోదాని తల మాత్రం చాలా పాలిపోయి ఉంది, అదే స్నో అని నాకు గట్టి నమ్మకం, పొద్దున్న నాలుగింటిదాకా పక్కన కూర్చున్నా. మెల్లగా మెడ బయటపెట్టింది, మెడ మీద నారింజ మచ్చ. అదీ ఆమెలే.

మొత్తం 8 మామూలువి, 3 ఆమెల్, 2 ఎనరీ, స్నో సున్నా. రెండ్రోజులు చాలా బాధగా అనిపించింది, మూడేళ్ళు ఆగా కదా. తర్వాత కూర్చుని లెక్కేశా. ఒక గుడ్డు స్నో కాకపోవడానికి 16కి 15 వంతులు, అదే 13 సార్లు వరసగా జరగడానికి నూటికి 43. అంటే దాదాపు సగం సార్లు ఇలాగే అవుతుంది. సరిగ్గా 16 పిల్లలు వచ్చినా స్నో రాకపోడానికి నూటికి 36 ఉంది. ముందు గుడ్డు ఏమైందో తర్వాతి గుడ్డుకి తెలీదు కదా, పిక్కలు ప్రతిసారీ కొత్తగా పడాల్సిందే. మెండల్‌కి 556 గింజలున్నాయి, నాకు 13.

ఇంకోటి. ఆ 8 మామూలువాట్లో ఏది లోపల ఏం దాచుకుందో చూసి చెప్పలేం. ఒక్కోటి ఆమెల్ హెట్ అవ్వడానికి 3కి 2 వంతులు, ఎనరీకీ అంతే, రెండూ ఉండడానికి 9కి 4, ఏమీ లేకపోడానికి 9కి 1. అందుకే పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి నేను "ఇది హెట్" అని చెప్పను, "66 శాతం అయ్యుండొచ్చు" అని కాయితం మీద రాసిస్తా. కచ్చితంగా తెలియందాన్ని తెలుసని చెప్పడం నాకిష్టం లేదు, నీ దగ్గర నేర్చుకున్నదే.

నేనుండే నార్త్ కరోలినాలోనే 1953లో అడవిలో మొదటి ఆమెల్ దొరికింది. బెక్టెల్ అని చర్మవ్యాధుల డాక్టరు ఇలాగే తరాలు కలిపి అది అంతర్గత లక్షణమని తేల్చాడు. 2015లో జెనీవా యూనివర్సిటీ వాళ్ళు అసలు ఎక్కడ పాడైందో కూడా కనుక్కున్నారు, ఓసీఏ2 అనే జన్యువు మధ్యలో వేరే డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి ఇరుక్కుందట.

వచ్చే ఏడు ఈ ఆడదాన్ని బయటి మగపాముతో కలుపుతా. ఇక్కడ నా ఫ్రెండ్ దగ్గర స్నో ఉంది, ఇస్తానన్నాడు. అప్పుడు నాలుగు పిక్కల్లో రెండు ముందే తెల్లగా పడి ఉన్నట్టే, తల్లి వేసే రెండే మిగులుతాయి, 16కి 1 కాదు, 4కి 1.

నాయనమ్మ పిక్కలు ఇంకా ఆ ఇత్తడి డబ్బాలోనే ఉంటే తీసి, అమ్మని కూడా కూర్చోబెట్టుకుని, 13 సార్లు వెయ్యి నాన్నా. ఎన్ని చెమ్మాలు పడ్డాయో వాట్సాప్‌లో పెట్టు.

నీ
చిన్నోడు