మన అపార్ట్‌మెంట్ మరమ్మతులు: జమా ఖర్చుల వివరణ

ఫ్లాటు యజమానులకు, అద్దెకు ఉంటున్నవారికి నమస్కారం.

2025 జనవరి నుంచి జూన్ ఆఖరు వరకు బిల్డింగులో జరిగిన పనుల లెక్క ఇది. మొత్తం జమ 19,87,700 రూపాయలు, ఖర్చు 18,95,900. మిగులు 91,800. పాస్‌బుక్‌లో మాత్రం 1,22,800 కనిపిస్తుంది. ఆ 31,000 తేడా ఏమిటో కింద టెర్రస్ ఖర్చు రాసినచోట చెప్తాం.

చదరపు అడుగుకు 80 రూపాయల చొప్పున వేశాం. వెయ్యి అడుగుల ఫ్లాట్లు పది, 1,200 అడుగులవి పది కాబట్టి రావలసింది 17,60,000. వచ్చింది 16,64,000. ఒక పెద్ద ఫ్లాటు వారి 96,000 ఇంకా రాలేదు. జనరల్ బాడీ తీర్మానం ప్రకారం కార్పస్ ఫండ్ (అందరి ఉమ్మడి నిల్వ నిధి) డిపాజిట్ నుంచి 3,00,000 తీశాం. వరదలో పాడైన మోటార్లు, పాత గ్రిల్స్, కేబుల్ ముక్కలు తుక్కు కింద అమ్మితే 17,500 వచ్చింది. బ్యాంకు వడ్డీ 6,200.

ఫ్లాటుకింత అని సమానంగా వేస్తే పోయేది కదా అని చిన్న ఫ్లాట్ల వారెవరూ అనలేదు, పెద్ద ఫ్లాట్ల వారే అన్నారు. దస్తావేజుల్లో మన యూడీఎస్, అంటే స్థలంలో విడదీయని వాటా, అడుగుల లెక్కనే ఉంది. స్థలంలో వాటా ఎక్కువ ఉన్నవారికి ఖర్చులోనూ ఎక్కువే పడుతుంది.

ఇక పిల్లర్ల సంగతి. అంచనా 1,80,000 వేస్తే 2,86,000 అయింది. ఎక్కువమంది అడిగింది దీని గురించే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ మొత్తాన్ని ముంచినప్పుడు మన పార్కింగులో రోజుల తరబడి నిలిచాయి కాబట్టి పిల్లర్లు దానివల్లే దెబ్బతిన్నాయని అందరం అనుకున్నాం. ఇంజనీరు సుత్తితో కొట్టి చూస్తే చాలాచోట్ల డొల్ల శబ్దం వచ్చింది. ప్లాస్టరింగ్ చెక్కించాక లోపల పొరలు పొరలుగా తుప్పు. 16 ఎంఎం కడ్డీ ఒకచోట 12 ఎంఎం కూడా లేదు. ఇంత తుప్పు ఒక్క వరదకు రాదట. ఏళ్ల తరబడి పిల్లర్ల మొదట్లో కార్లు కడిగిన నీళ్లు, పక్కనే పెట్టిన మొక్కల కుండీల తడి దీనికి అసలు కారణం. ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటును బయటికి నెడుతుంది, ఆ పగుళ్లలోంచి మళ్లీ నీళ్లు పోతాయి. మూడు పిల్లర్లనుకున్నది చెక్కేకొద్దీ ఏడు తేలాయి. జాకీలు పెట్టి, తుప్పు గీకించి, కొత్త కడ్డీలు కలిపి, మైక్రో కాంక్రీటు పోయించాం. కుండీలు అక్కడ మళ్లీ పెట్టవద్దు.

ఆ అదనపు 1,06,000 కోసం గేటు ఆర్చి, ఎంట్రెన్సులో గ్రానైటు మానేశాం. గేటును ఈశాన్యం వైపు మార్చాలన్న ప్రతిపాదన కూడా ఆగింది. బయటివాళ్లకు కనిపించేవి ఇవే కాబట్టి ఇంత వసూలు చేసి ఏం చేశారని అడిగేవారు ఉంటారు. పార్కింగులో ఆ ఏడు పిల్లర్లను చూపించండి.

టెర్రస్ కారకుండా చేయించిన పని 5,000 అడుగులు, అడుగుకు 62 చొప్పున 3,10,000. కారేది ఐదో అంతస్తులో అయితే మేమెందుకు కట్టాలని కింది ఫ్లాట్ల వారు కొందరు అన్నారు. పార్కింగులో మోటార్లు మునిగినప్పుడు మాకేం సంబంధమని ఐదో అంతస్తు వారు అనలేదు. శ్లాబు అందరిదీ. పాత సున్నపు పొర తీయించి, పిట్టగోడ కలిసేచోట గోలా (మూల గుండ్రంగా వచ్చేలా సిమెంటు పూత) కట్టించి, కోటింగ్ వేశాక రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాం. ట్యాంకు పక్క మూల చెమ్మ దిగింది, అక్కడ కాంట్రాక్టరు సొంత ఖర్చుతో మళ్లీ చేశారు. ఈ బిల్లులో పదో వంతు, అంటే 31,000, వానాకాలం దాటేదాకా మన దగ్గరే ఉంచుతున్నాం. లెక్కలో ఖర్చు కింద రాసినా ఇంకా ఇవ్వలేదు.

మీటర్ల బోర్డు, కేబుళ్లకు 2,35,000. గోడ మీద వరద గీత నాలుగున్నర అడుగుల దగ్గర ఉంది, బోర్డు ఆరడుగులకు ఎక్కింది. రీడింగ్ తీసే అబ్బాయికి స్టూలు కొనాలి. లిఫ్టు గుంట, డోర్ లాకులు, కేబుల్ కలిపి 1,48,000. డ్రైనేజీ నిలువు పైపులకు 1,92,000. వాచ్‌మన్ గది బాత్రూముకు 38,500. ఇంజనీరు ఫీజు 25,000. దండగన్నవారు పిల్లర్ల పేరా ఇంకోసారి చదవాలి. శిథిలాల ట్రాక్టర్లు, జిరాక్సులు, టీలు 21,400. నగదుగా ఇచ్చింది ఈ ఒక్క పద్దులోనే.

బయటి రంగులకు 6,40,000. రంగు ఎంపిక మీద జరిగిన వాదనలు ఇక్కడ రాయడం లేదు. బిల్లు లేకుండా చేయిస్తే 18 శాతం జీఎస్టీ మిగులుతుందన్న సలహా వచ్చింది. బిల్లు లేకపోతే రేపు పెచ్చులూడినా ఎవరినీ అడగలేం, అందుకే ఒప్పుకోలేదు. రంగు డబ్బాల్లో కంపెనీవాళ్లు పెట్టే టోకెన్లు పెయింటర్లవి, ఖాళీ డబ్బాలు అడిగినవారికి ఇచ్చేశాం. కాంట్రాక్టర్ల బిల్లుల్లో పట్టుకున్న టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) కట్టేశాం.

బాకీ ఉన్న ఫ్లాటు ఓనరు గారు అమెరికాలో ఉంటారు. రెండు మెయిళ్లకు జవాబు రాలేదు, రిజిస్టర్డ్ నోటీసు పంపుతున్నాం. అద్దెకున్నవారిని దయచేసి ఎవరూ నిలదీయవద్దు.

బిల్లులు, ఓచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు ట్రెజరర్ గారి దగ్గర ఉన్నాయి. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు పార్కింగులో మీటింగు. మిగిలిన 91,800 కార్పస్‌లో తిరిగి వేయాలా, సంప్ మూతలు మార్చాలా అన్నది అప్పుడు తేల్చాలి.

ఇట్లు,
మరమ్మతుల కమిటీ, విజయవాడ