కామర్స్ పిల్ల సైబర్ సెక్యూరిటీ చదివితే

ఫ్రిస్కో, టెక్సాస్

పద్మా,

ఎలా ఉన్నావే? మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కన అత్తయ్యగారు, కుక్కర్ కూతలు, పిల్లల గోల. "బీకాం చేసి ఇన్నేళ్ళయ్యాక మళ్ళీ డిగ్రీ ఏంటే, అదీ ఇంట్లో కూర్చుని, అదీ హ్యాకింగూ!" అన్నావు. వెనకాల మీ ఆయన నవ్వడం నాకు వినబడకపోలేదు. ఆయనకి కూడా ఇది చదివి వినిపించు. వాట్సాప్‌లో చెబితే ముక్కలు ముక్కలుగా వస్తుందని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ముందు చదువు సంగతి. సైబర్ సెక్యూరిటీ డిగ్రీకి నేను చేరింది వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీలో. ఇక్కడి పడమటి రాష్ట్రాల గవర్నర్లు కలిసి 1997లో పెట్టారు. ఫీజు సబ్జెక్టుకింత అని ఉండదు, ఆరు నెలలకింత. ఆ ఆరు నెలల్లో నాలుగు సబ్జెక్టులు లాగినా, పది లాగినా అదే డబ్బు. మన తెనాలి బుర్రకి ఇంతకన్నా నచ్చే పద్ధతి ఇంకేముంది చెప్పు? మన బీకాంని ఇక్కడి లెక్కల్లోకి మదింపు చేయించి పంపితే, ఇంగ్లీషు వ్యాసాలు, చరిత్ర లాంటివి మళ్ళీ చదివే పని తప్పింది. మిగిలింది అసలు సరుకు. నెట్‌వర్కులు, ఆపరేటింగ్ సిస్టములు, క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్య లిపిలోకి మార్చి దాచే విద్య), చట్టాలు, రిస్కు లెక్కలు. కొన్ని సబ్జెక్టులకి వాళ్ళ సొంత పరీక్ష ఉండదు. కంప్యూటర్ పనులకి సర్టిఫికెట్లిచ్చే కాంప్‌టియా అనే సంస్థ వాళ్ళ నెట్‌వర్క్ ప్లస్, సెక్యూరిటీ ప్లస్ లాంటి బయటి పరీక్ష పాసైతేనే ఆ సబ్జెక్టు అయిపోయినట్టు. డిగ్రీ చేతికొచ్చేలోపే రెజ్యూమేలో రాసుకోవడానికి ఏవో కొన్ని ఉంటాయన్నమాట. సెక్యూరిటీ ప్లస్ అయితే 90 నిమిషాలు, 90 దాకా ప్రశ్నలు, 900కి 750 రావాలి. స్కేలు 100 నుంచి మొదలవుతుంది, అదో విచిత్రం.

క్లాసు, బెల్లు, అటెండెన్సు ఏమీ లేవు. మెంటర్ అని ఒకావిడ ఫోన్ చేసి ఎంతవరకు వచ్చావని అడుగుతుంది. ఆ ఫోన్ వస్తుందన్న భయానికైనా చదవాలి. పాఠాలు చాలావరకు చదువుకునేవే, కొన్ని వీడియోలు. పిల్లలు లేవకముందు, మా ఆయన ఇంకా దుప్పట్లో ఉండగా కూర్చుంటాను. ఆ టైములో బుర్ర బాగా పనిచేస్తుందనేం కాదు, మిగతా టైములు నావి కావు అంతే.

ఇక పరీక్ష చూడాలి నువ్వు! ఇంట్లోనే రాస్తాం గానీ అవతల ఎవరో కెమెరాలోంచి చూస్తూ కూర్చుంటారు. మొదట గదంతా కెమెరా తిప్పి చూపించాలి. బల్ల పైన, బల్ల కింద, తలుపు వెనక, అన్నీ. జుట్టు పక్కకి తీసి రెండు చెవులూ చూపించాలి, ఇయర్‌ఫోన్ లేదని. నా బుట్టలు చూసి అవేంటి అని అడిగితే ఊపి మరీ చూపించాను. గోడకి మన వెంకట్రామా అండ్ కో క్యాలెండర్ ఉంది కదా, గళ్ళ నిండా తిథులు, నక్షత్రాలు, వర్జ్యాలు. కెమెరాలోంచి చూస్తున్న పిల్లకి అదేదో రహస్య లిపిలా కనబడ్డట్టుంది! తీసెయ్యండి లేదా కప్పెయ్యండి అంది. చున్నీ కప్పాను. పరీక్ష జరిగేటప్పుడు గదిలోకి ఎవరూ రాకూడదని అత్తయ్యగారికి ముందే చెప్పుకున్నాను. ఆవిడ తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుని, పిల్లల్ని, మా ఆయన్ని కూడా అటు రానివ్వలేదు. సెక్యూరిటీ అంటే అది.

కష్టమైంది ఏదని అడిగితే సబ్‌నెట్టింగ్. అంటే ఒక నెట్‌వర్కుని చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఎన్ని కంప్యూటర్ అడ్రసులు పడతాయో లెక్కకట్టడం. స్లాష్ 26 అంటే 64 అడ్రసులు, మొదటిదీ చివరిదీ వాడకూడదు కాబట్టి 62. స్లాష్ 27 అంటే 32, వాడుకునేవి 30. చిన్నప్పుడు ఎక్కాలు వల్లించినట్టు వంటింట్లో వల్లించాను. పోర్టు నంబర్లు కూడా అంతే, కంప్యూటర్లో ఒక్కో రకం పనికి ఒక్కో గుమ్మం నంబరన్నమాట. 22, 53, 443, 3389... ఇంట్లో అందరికీ వచ్చేశాయి. లెక్కలంటే నాకు భయం లేదు గానీ బైనరీలో ఆలోచించాలంటే మొదట్లో తల తిరిగిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. సినిమాల్లో చూపించే హ్యాకింగ్‌కీ దీనికీ సంబంధం తక్కువే. చదివేకొద్దీ నాకు ఇది మన ఆడిటింగ్ పేపరే వేరే చీర కట్టుకుని వచ్చినట్టు అనిపిస్తోంది. మీ బ్యాంకులో సేఫుకి రెండు తాళాలు ఎందుకు? ఒకటి క్యాషియర్ దగ్గర, ఒకటి మేనేజర్ దగ్గర. ఎంట్రీ వేసిన మనిషే దాన్ని పాస్ చెయ్యకూడదని ఎందుకు? ఇక్కడ దానికి పెద్ద పేరు పెట్టి ఒక చాప్టర్ రాశారు, అంతే. అందరికీ అన్ని అధికారాలూ ఇవ్వకు, పనికి ఎంత కావాలో అంతే ఇవ్వు. ఎవరు ఏం చేశారో రాసి పెట్టు. రాసిన దాన్ని రెండో మనిషి చూడాలి. నాతోపాటు ఈ డిగ్రీ చదివే, కంప్యూటర్లలోనే పుట్టి పెరిగిన కుర్రాళ్ళు ఈ మాటల దగ్గరే ఎందుకు అని తడబడతారు. మనకి అది ఎప్పుడో తెలుసు కదే!

నీకు నచ్చే కేసు ఒకటి చెప్తా. 2016 ఫిబ్రవరి 4, గురువారం రాత్రి. బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకి న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లో ఖాతా ఉంది. అందులోంచి డబ్బు పంపమని 35 ఆర్డర్లు వెళ్ళాయి, మొత్తం దాదాపు 95 కోట్ల డాలర్లు. దొంగలు అప్పటికి ఏడాది ముందే లోపలికి దూరారు, ఉద్యోగం కావాలంటూ వచ్చిన ఒక మెయిల్ ద్వారా. ముహూర్తం ఎంత బాగా పెట్టుకున్నారో చూడు. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు. న్యూయార్క్‌లో శని, ఆదివారాలు సెలవు. డబ్బు చేరాల్సిన మనీలాలో సోమవారం చైనా కొత్త సంవత్సరం సెలవు. ఒకళ్ళు ఫోన్ చేస్తే ఇంకొకళ్ళు ఎత్తరు.

దీంట్లో నాకు బాగా గుర్తుండిపోయింది ప్రింటరు. ఆ బ్యాంకులో రాత్రి జరిగిన లావాదేవీలన్నీ ఒక ప్రింటర్ దానంతటదే కాగితం మీద కొడుతుంది. పొద్దున్నే వచ్చి చూసుకోవాలి. దొంగలు ముందు దాని నోరు నొక్కేశారు. శుక్రవారం పొద్దున వచ్చినవాళ్ళకి ట్రేలో కాగితాల్లేవు. ప్రింటరేగా, మొరాయించిందిలే అనుకున్నారు. మన ఆఫీసుల్లో ప్రింటర్ మొరాయించని రోజు ఏది? చివరికి 35లో అయిదే పాసయ్యాయి. 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కి పోయాయి. శ్రీలంకకి వెళ్ళిన 2 కోట్లు మాత్రం, ఆర్డర్‌లో ఫౌండేషన్ అన్న మాట తప్పు రాయడంతో దొరికిపోయి వెనక్కి వచ్చాయి. ఇంత చదువుకున్న దొంగలు స్పెల్లింగ్ దగ్గర బోల్తాపడ్డారు.

అది ఢాకా కదా, మనకేంటి అంటావేమో. 2022 జనవరిలో హైదరాబాద్ మహేష్ కోఆపరేటివ్ బ్యాంకులో 12 కోట్ల రూపాయలకు పైగా పోయింది గుర్తుందా? అక్కడా ఉద్యోగులకి వచ్చిన ఫిషింగ్ మెయిళ్ళతోనే, అంటే అసలువాటిలా కనబడే దొంగ మెయిళ్ళతోనే మొదలు. 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకి 65 లక్షల జరిమానా కూడా వేసింది. ఈ కేసుల్లో డబ్బు పోయిన దారిని చూస్తే, సాఫ్ట్‌వేర్ ఎంత ఉందో, "ఆ ఏముందిలే" అనే మాట కూడా అంతే ఉంది. మీ బ్యాంకులో అడ్మిన్ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు, ఆఖరిసారి ఎప్పుడు మార్చారు అని నిన్ను అడుగుదామనుకున్నా. తర్వాత నాకే నవ్వొచ్చింది. చెప్పకు. నేనడిగినా చెప్పకు, ముఖ్యంగా ఫోన్లో నా గొంతుతో అడిగితే అసలు చెప్పకు. ఈ రోజుల్లో గొంతు కూడా కాపీ కొట్టేస్తున్నారు.

ప్రాక్టికల్స్‌లో నాకు లాగులు చదవడం బాగా నచ్చింది. లాగు అంటే కంప్యూటర్ రాసుకునే రోజువారీ చిట్టా. విండోస్‌లో 4625 అని ఉంటే ఎవరో లాగిన్ అవబోయి ఫెయిలయ్యారని, 4624 అంటే అయ్యారని. ఒకే ఖాతా మీద, క్షణానికొకటి చొప్పున 4625లు వరసగా వచ్చి, ఆ కింద ఒక్క 4624 కనబడిందనుకో, వేళ్ళు ఆగిపోతాయి. ఎవడో పాస్‌వర్డ్‌లు మార్చి మార్చి కొట్టి చివరికి లోపలికి వచ్చేశాడన్నమాట. అప్పుడు ఆ తర్వాతి లైన్లన్నీ ఒక్కటీ వదలకుండా చదవాలి, వాడు ఎటు వెళ్ళాడో. సస్పెన్స్ ఖాతాలో తేలని రూపాయి కోసం మార్చి నెలాఖర్న నువ్వు వెతుకుతావే, అచ్చం ఆ పనే.

డిగ్రీ రాగానే ఉద్యోగం గుమ్మంలో నిలబడుతుందని నేను అనుకోవట్లేదు. కొత్తవాళ్ళని ముందు హెల్ప్ డెస్క్‌లోనో, రాత్రి షిఫ్టుల్లో అలర్ట్‌లు చూసే పనిలోనో పెడతారు. పిల్లలతో రాత్రి షిఫ్టు నావల్ల కాదు. అందుకే నా కన్ను జీఆర్‌సీ (గవర్నెన్స్, రిస్క్, కంప్లయన్స్) మీద ఉంది. కంపెనీ తన నియమాలు తను పాటిస్తోందా లేదా అని చూసే పని. ఇక్కడ ప్రమాణాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ నిస్ట్ వాళ్ళ సైబర్ సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్క్ (పాటించాల్సిన పద్ధతుల చట్రం) ఒకటుంది, దాన్నే బైబిల్‌లా చూస్తారు. 2024లో దాన్ని మార్చినప్పుడు గవర్న్ అని ఆరో భాగం కలిపారు. అంటే ఈ బాధ్యత కంప్యూటర్ గదిలో కుర్రాడిది కాదు, పైన కూర్చున్న పెద్దలది అని. ఆ ముక్క చదివి మా ఆయనకి పెద్దగా వినిపించాను, వాళ్ళ మేనేజర్ గుర్తొచ్చాడు ఆయనకి.

ఇక మీ చిన్నాడి సంగతి. ఇంటర్ అవగానే వాడు కూడా ఆన్‌లైన్‌లో సైబర్ సెక్యూరిటీ చేస్తానంటున్నాడన్నావు. మన దగ్గర బీటెక్ ఆన్‌లైన్‌లో ఒప్పుకోరు. ఎవరైనా "ఆన్‌లైన్ బీటెక్" అని ఫోన్ చేస్తే పెట్టెయ్. ఆన్‌లైన్ బీసీఏ ఉంది, యూజీసీ అనుమతి ఉన్న యూనివర్సిటీ అయితే మామూలు డిగ్రీతో సమానమే. డబ్బు కట్టేముందు యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో నువ్వే చూడు, ఏజెంటు చూపించిన కాగితం చూడకు. నన్నడిగితే వాడి వయసుకి కాలేజీకి పంపడమే మంచిది. ఇంట్లో ఒక్కడే కూర్చుని చదవడానికి చాలా మొండితనం కావాలి, పద్దెనిమిదేళ్ళకి నాకైతే అది లేదు. నీకు అసలే లేదు, క్యాంటీన్‌లోనే ఉండేదానివి.

సరదా ఎంతుందో చూడాలంటే ముందు ఉచితంగా దొరికేవి చెయ్యమను. ఓవర్‌దివైర్ అనే వెబ్‌సైట్‌లో బ్యాండిట్ అని ఒక ఆట ఉంది, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్లు నేర్పిస్తూ ఒక్కో మెట్టు ఎక్కిస్తుంది. మొదటి పది మెట్లు ఎవర్నీ అడక్కుండా ఎక్కితే అప్పుడు మాట్లాడదాం. ఆదివారం మీకు రాత్రి ఎనిమిదింటికి నాకు పొద్దున అవుతుంది, ఖాళీగానే ఉంటాను. వాణ్ణే చెయ్యమను, నువ్వు పక్కన కూర్చుని అందించకు.

అత్తయ్యగారు నిన్ను అడిగానని చెప్పమన్నారు. మీ అమ్మగారి మోకాలు ఎలా ఉందో రాయి.

నీ
రమ