ఫోల్డర్‌లో ఫోల్డర్ పెడితే సెట్టింగులూ దిగుతాయి

సంపాదకులకు,

మీ విద్యా పేజీలో చివరి ఏడాది ప్రాజెక్టుల గురించి రాస్తూ, ప్రధాన సైటు ఫోల్డర్‌లోనే అడ్మిన్, రిపోర్టుల అప్లికేషన్లు కూడా పెట్టుకుంటే సులువని సూచించారు. ఏఎస్‌పీ డాట్‌నెట్‌తో (మైక్రోసాఫ్ట్ వెబ్ అప్లికేషన్ల వేదిక) ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) మీద పనిచేసేవారికి ఈ సలహా కొరివితో తల గోక్కోవడమే. అక్కడ సెట్టింగులు రాసుకునే వెబ్.కాన్ఫిగ్ ఫైలు ప్రభావం తన అప్లికేషన్‌తో ఆగదు. పైన రాసింది ఆ సైటు కింద నడిచే అప్లికేషన్లన్నిటికీ దిగుతుంది. కింద మళ్లీ అదే రాస్తే ఒకచోట చెల్లుతుంది, ఇంకోచోట తిరగబడుతుంది.

ఆ ఫైలులోని యాప్‌సెట్టింగ్స్ భాగంలో ఒకే కీ (సెట్టింగు పేరు) రెండుచోట్లా ఉంటే కింది విలువే నెగ్గుతుంది, చడీచప్పుడు ఉండదు. కింద ఆ కీ రాయడం మరిచిపోతే పై విలువ వచ్చి కూర్చుంటుంది. ఎర్రర్ రాదు కాబట్టి ఇదే అన్నిటికన్నా ప్రమాదం. డేటాబేస్ వివరాలుండే కనెక్షన్‌స్ట్రింగ్స్‌లో అదే పేరు మళ్లీ వస్తే ఇప్పటికే చేర్చారంటూ ఆగిపోతుంది. మాడ్యూల్ (ప్రతి రిక్వెస్టు మధ్యలో పనిచేసే కోడ్) పేరు రెండోసారి వస్తే 500.19 ఎర్రర్, దాని కోడ్ చివర ‘బి7’ అని ఉంటుంది.

అసలు తికమక బిన్ ఫోల్డర్ దగ్గర. పైన నమోదైన మాడ్యూల్ డీఎల్‌ఎల్ (కంపైలైన కోడ్ ఫైలు, అసెంబ్లీ అన్నా అదే) పై బిన్‌లో ఉంటుంది. కింది అప్లికేషన్ తన బిన్‌లో వెతుకుతుందే గానీ పైదాని బిన్‌లోకి తొంగిచూడదు. దాంతో తన కోడ్‌లో ఎక్కడా లేని అసెంబ్లీ దొరకలేదని పేచీ పెడుతుంది. చాలామంది ఆ డీఎల్‌ఎల్‌ను కాపీ చేసి కింద పడేస్తారు. ఎర్రర్ పోతుంది కానీ, అక్కర్లేని మాడ్యూల్ అప్పటినుంచి అడ్మిన్ రిక్వెస్టుల్లోనూ తలదూరుస్తుంది.

లోకల్‌గా, అంటే సొంత కంప్యూటర్‌లో పనిచేసేటప్పుడు మూడు ప్రాజెక్టులనూ పక్కపక్క ఫోల్డర్లలో పెట్టి, విజువల్ స్టూడియో ప్రాపర్టీస్‌లోని వెబ్ ట్యాబ్‌లో ఒక్కోదానికి ఒక్కో పోర్టు ఇస్తే చాలు: 5001, 5002, 5003 అనుకోండి. ప్రాజెక్ట్ యూఆర్‌ఎల్ చివర స్లాష్ అడ్మిన్ (/admin) అని తగిలించవద్దు. ప్రధాన సైటు పోర్టుకే అలా తగిలించి ‘క్రియేట్ వర్చువల్ డైరెక్టరీ’ నొక్కితే ఐఐఎస్ ఎక్స్‌ప్రెస్ (విజువల్ స్టూడియో వాడే చిన్న ఐఐఎస్) దాన్ని ఆ సైటు కిందే అప్లికేషన్‌గా చేరుస్తుంది, కథ మళ్లీ మొదటికి. తర్వాత యూఆర్‌ఎల్ మార్చినా పాత నమోదు మిగిలిపోవచ్చు. దాచి ఉండే డాట్ వీఎస్ ఫోల్డర్‌లోని అప్లికేషన్‌హోస్ట్.కాన్ఫిగ్ తెరిచి దాన్ని చేత్తో తీసేయాలి.

సర్వర్‌లో నిజంగానే స్లాష్ అడ్మిన్ కింద నడవాలంటే పై ఫైలులో కనెక్షన్‌స్ట్రింగ్స్, సిస్టమ్.వెబ్, సిస్టమ్.వెబ్‌సర్వర్ భాగాలను లొకేషన్ ట్యాగ్ లోపల పెట్టాలి. దాని పాత్ విలువ ఒక చుక్క. ఇన్‌హెరిట్‌ఇన్‌చైల్డ్‌అప్లికేషన్స్ విలువ ఫాల్స్. ఇంగ్లిష్‌లో ఆ పేరు ఖాళీల్లేకుండా రాయాలి. తొలి అక్షరం చిన్నది, మిగతా మూడు పదాల తొలి అక్షరాలు పెద్దవి. విజువల్ స్టూడియో ఈ పేరు తనకు తెలియదని గీత గీసినా పట్టించుకోనక్కర్లేదు. కాన్ఫిగ్‌సెక్షన్స్‌ను మాత్రం ఇందులో చుట్టకూడదు, దాని చోటు ఫైలు మొదట్లోనే. పై ఫైలు మన చేతిలో లేకుంటే కింది ఫైలులో యాడ్ ట్యాగ్‌కు ముందు అదే పేరుతో రిమూవ్ ట్యాగ్ రాయాలి. మాడ్యూళ్ల దగ్గర అన్నిటినీ తుడిచేసే క్లియర్ ట్యాగ్ జోలికి పోవద్దు, అది ఐఐఎస్ సొంత మాడ్యూళ్లనూ వదలదు. ఇక అడ్మిన్ ఫోల్డర్‌ను ఐఐఎస్ మేనేజర్‌లో ‘కన్వర్ట్ టు అప్లికేషన్’ చేయకపోతే, అందులోని అథెంటికేషన్ భాగం అప్లికేషన్ స్థాయి దాటిందనే ఎర్రర్ తప్పదు. డాట్‌నెట్ కోర్ (డాట్‌నెట్ కొత్త తరం)లో పబ్లిష్ చేస్తే వచ్చే వెబ్.కాన్ఫిగ్‌లో ఈ లొకేషన్ ట్యాగ్ ఎటూ ఉంటుంది. అక్కడ ఇన్‌ప్రాసెస్ (ఐఐఎస్ ప్రాసెస్ లోపలే నడిచే) అప్లికేషన్లు రెండింటిని ఒకే యాప్‌పూల్‌లో (ఐఐఎస్ కలిపి నడిపే అప్లికేషన్ల గుంపు) పెడితే 500.35 ఎర్రర్ వస్తుంది.

పోర్టులు వేరు చేశాక కూడా ఒకదానిలో లాగిన్ అయితే ఇంకోదానిలో లాగౌట్ అవుతుంటే తప్పు కాన్ఫిగ్ వారసత్వానిది కాదు. లాగిన్ గుర్తులు దాచే కుకీలను బ్రౌజర్ పోర్టును బట్టి వేరుచేయదు, లోకల్‌హోస్ట్ అంతా దానికి ఒక్కటే. ఒక్కో ప్రాజెక్టు వెబ్.కాన్ఫిగ్‌లో ఫామ్స్ ట్యాగ్‌కు వేరే నేమ్, సెషన్‌స్టేట్‌కు వేరే కుకీనేమ్ ఇచ్చి, పాత కుకీలు తుడిచేసి మళ్లీ లాగిన్ అవాలి.

— ఒక వెబ్ డెవలపర్, హనుమకొండ