మాధవరం హవల్దారు గారికి, మా ఇంటి తరఫున

తమ్ముడిని ఇంటికి తీసుకొచ్చేశాం. ఫోను చేస్తున్న అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక మాలో ఎవరికీ లేదు, అందుకే ఇలా రాస్తున్నాను. వాడు పారిపోయి రాలేదు, తప్పు చేసీ రాలేదు. సైన్యంలో నాలుగేళ్లకు చేర్చుకునే అగ్నివీరుగా శిక్షణలో ఉండగా తొడ ఎముక పైభాగంలో, తుంటి దగ్గర పగులు వచ్చింది. బరువు మోస్తూ రోజూ పరుగెత్తే రిక్రూట్లకు ఇలా అవుతుందని, మొదట్లో ఎక్స్‌రేకు కూడా దొరకదని డాక్టరు చెప్పారు. ఆస్పత్రిలో పడితే వెనక బ్యాచికి పంపేస్తారని, శిక్షణ ముగిశాక ప్రమాణం చేసే కసమ్ పరేడ్‌లో తోటివాళ్లతో నిలబడే భాగ్యం పోతుందని వీడు నొప్పి దాచుకున్నాడు. చివరికి స్క్రూలు వేశారు, మెడికల్ బోర్డు పెట్టారు, ఇంటికి పంపేశారు.

తిరిగి వస్తుంటే విజయవాడలో ఆయన రైలెక్కారు. రిటైరైన హవల్దారు, క్లర్కుగా చేశారట. ఊరు తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం, రెండు ప్రపంచ యుద్ధాలకూ కొడుకులను పంపిన ఊరు. చంకలో కర్రలూ సీటు కింద నల్ల ట్రంకు పెట్టే చూసి ఆయనకు విషయం తెలిసిపోయింది. ఏమైందని అడగలేదు. తన కింది బెర్తు ఖాళీ చేసి "కాలు చాపుకో బాబూ" అన్నారు. కాసేపయ్యాక "నీ నంబరు చెప్పు జవాన్" అన్నారు. ఆస్పత్రి నుంచి బయలుదేరినప్పటి నుంచి నాతో పట్టుమని నాలుగు మాటలు మాట్లాడనివాడు నిటారుగా కూర్చుని నంబరు, పేరు, కంపెనీ, ప్లటూన్ గడగడా చెప్పాడు. శిక్షణ ఇచ్చే మీ ఉస్తాద్ ఎలా తిట్టేవాడని హిందీలో అడిగితే వీడు నవ్వాడు. నాకు దుఃఖం ఆగలేదు. మా వీధిలో వాళ్లకు వాడు వెనక్కి పంపేసిన కుర్రాడు. ఆయనకు మాత్రం జవాను.

తర్వాత కాగితాలు అడిగి ఒక్కో పేజీ చదివారు. తాడేపల్లిగూడెం వచ్చింది. "బాబాయి గారూ, మీ స్టేషను" అన్నాను. "రాజమండ్రిలో దిగుతాలేమ్మా, ఇది సగంలో వదిలితే ఎలా" అన్నారు. గాయం సర్వీసు వల్ల కాదన్న బోర్డు మాట మీద అప్పీలు ఆరు నెలలు దాటనివ్వొద్దన్నారు. భర్తీ నాటి వైద్య పరీక్ష కాగితం నకలు అడిగి తీసుకోమన్నారు. చేరేటప్పుడు ఏ జబ్బూ రాయకపోతే ఆరోగ్యంగా చేరినట్టేనని, కాదని చూపించాల్సింది సైన్యమేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని నా నోటు పుస్తకంలో తన చేత్తో రాసిచ్చారు. అప్పీలులో కుదరకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి ఉందన్నారు. రాత్రివేళ రాజమండ్రిలో దిగి వెనక్కి వెళ్లిన ఆ పెద్దమనిషి పేరు కూడా నేను అడగలేదు.

ఈ మాటలన్నీ మాకు రైల్లో ఎదురైన మనిషి చెప్పాలా? బోర్డు కాగితంలో సర్వీసు వల్ల వచ్చింది కాదని ఒక్క గీత గీస్తే అన్నీ మూసుకుపోతాయి. అగ్నివీరుకు పెన్షన్ లేదు. సర్వీసు వల్ల వచ్చిందనో, ముదిరిందనో ఒప్పుకుంటేనే వైకల్యాన్ని బట్టి 15, 25, 44 లక్షల పరిహారం. పరుగు పందెంలో నెగ్గి చేరిన కుర్రాడికి శిక్షణలో ఎముక పగిలితే అది సర్వీసు కాక మరేమిటి? శిక్షణలో గాయపడి ఇంటికొచ్చిన ఆఫీసర్ క్యాడెట్ల గురించి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. సంతోషం. మా రిక్రూట్ల గురించి కూడా ఎవరైనా అడగాలి.

అమ్మ, నాన్న, ఆస్పత్రిలో కాపలా ఉన్న మామయ్య... వాళ్లకు ప్రత్యేకంగా చెప్పేదేముంది, వాళ్లు మావాళ్లు.

మాధవరం వైపు వాళ్లెవరైనా ఇది చదివితే, విజయవాడ నుంచి వస్తూ ఒక రాత్రి రాజమండ్రి దాకా వెళ్లి వచ్చిన హవల్దారు గారిని వాకబు చేయండి. అప్పీలు పోస్టులో పంపామని, కుర్రాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడని చెప్పండి.

మరిచిపోయాను, వీడి సామాను సర్ది, రోజూ ఫోను చేస్తున్న సతారా కుర్రాడికి, ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పిన మా హైస్కూలు మాస్టారికి, ట్రంకు మోసి డబ్బు పుచ్చుకోని విజయవాడ పోర్టరుకు కూడా కృతజ్ఞతలు. ఆదివారం షాపు తెరిచి జిరాక్సులు తీసిచ్చిన అన్నయ్యకు కూడా. ఇంకా ఎవరినైనా వదిలేస్తే క్షమించండి, గుర్తు రాగానే రాస్తాను.