పాత మరబోటు కొనేవాళ్లకు నేర్పేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

జలాశయాల్లో బోటింగ్‌కు ఆదరణ పెరుగుతోందని మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. సంతోషం. అయితే కొత్త బోటు కొనే స్తోమత అందరికీ ఉండదు. సాగర్ బ్యాక్‌వాటర్ ఊళ్లలో చేపలు పట్టేవాళ్లయినా, నగరంలో నలుగురు కలిసి డబ్బులు వేసుకునే కుర్రాళ్లయినా కొనేది పాత ఫైబర్ బోటే. దాని వెనకాల ఎవరో వాడి వదిలేసిన టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్ ఉంటుంది, అంటే పెట్రోల్లో ఆయిల్ కలిపి నడిపేది, బోటు వెనక పలకకు బయటనుంచి బిగించేది. పాత బైకు కొంటే గల్లీకో మెకానిక్ ఉన్నాడు. పాత బోటు కొన్నవాడికి ఓనమాలు చెప్పే చోటు మాత్రం ఈ హైదరాబాద్ నగరంలో నాకు కనబడలేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

రాణిగంజ్‌లో మాది పంపుసెట్లు బాగుచేసే షాపు. మా బావమరిది చందంపేట వైపు చేపల పని చేస్తాడు. వాళ్ల బోటు ఇంజిన్ చూడటంతో మొదలై, ఇప్పుడు కొనేముందు ఒకసారి వచ్చి చూడమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఈమధ్య ఒక కుర్రాడు అలాగే తీసుకెళ్లాడు. అమ్మే ఆయన షెడ్డులోనే తాడు లాగి ఇంజిన్ స్టార్ట్ చేయబోయాడు. "అన్నా, ఒక్క లాగుకే అందుకుంటది, చూడు" అంటున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. ఔట్‌బోర్డ్ ఇంజిన్‌కు రేడియేటర్ ఉండదు. కింద నీళ్లలో మునిగే కాలు భాగంలో చిన్న పంపు ఉంటుంది, అందులో రబ్బరు రెక్కల ఇంపెల్లర్ తిరుగుతుంది. అది చెరువు నీళ్లను పైకి లాగి ఇంజిన్‌ను చల్లబరుస్తుంది. నీళ్లు లేకుండా తిప్పితే ఆ రబ్బరు చూస్తుండగానే కాలిపోతుంది. అందుకని ఇంజిన్ కాలును నీళ్ల డ్రమ్ములో ముంచి గానీ స్టార్ట్ చేయకూడదు. స్టార్ట్ అయ్యాక పక్కనున్న చిన్న రంధ్రం నుంచి నీటి ధార గట్టిగా రావాలి. ధార సన్నబడినా, ఆగినా వెంటనే ఇంజిన్ ఆపెయ్యాలి. ఏళ్ల తరబడి మూలన పడున్న ఇంజిన్‌లో రెక్కలు ఒకవైపే వంగి బిగుసుకుపోయి ఉంటాయి. ఇంపెల్లర్ పెద్ద ఖరీదైన వస్తువేమీ కాదు, కొన్న రోజే మార్చేయండి. దానికోసం లోభించి పిస్టన్ పట్టేయించుకున్న వాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

ఆ రోజే, దాని తర్వాత చూసింది ఇంజిన్ బిగించే వెనక పలక. పాత బోట్లలో చాలావరకు రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ పెట్టి దాన్ని కడతారు. బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగితే లోపల చెక్క కుళ్లిపోతుంది, పైన పెయింటు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. స్పానర్ పిడితో పైనుంచి కిందికి వరసగా కొట్టుకుంటూ వచ్చాను. పైన ఠంగుమంది. కింది బోల్టుల దగ్గరకొచ్చేసరికి దబ్బుమని మొద్దు చప్పుడు. ఇంజిన్ కాలు పట్టుకుని పైకీ కిందికీ ఊపితే పలక మొత్తం కదిలింది. "బోల్టులు టైట్ చేస్తే సరిపోతది" అన్నాడాయన. సరిపోదు. నీళ్లలో వేగం అందుకున్నప్పుడు ఇంజిన్ తోపు మొత్తం ఆ పలక మీదే పడుతుంది. చెక్క మార్చడమంటే బోటు వెనక భాగం కోసి మళ్లీ కట్టడమే. ఆ ఖర్చు లెక్కేసుకోకుండా బేరం ఆడకూడదు.

ఇంజిన్ కాలు అడుగున గేర్లు ఉంటాయి, వాటి ఆయిల్ కూడా చూశాం. రాత్రంతా ఇంజిన్‌ను నిటారుగా నిలబెట్టి, పొద్దున ఆ గేర్ల దగ్గరి కింది స్క్రూ కొద్దిగా వదులు చేయాలి. ముందు నీళ్లు కారినా, ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో వచ్చినా, నీళ్లను లోపలికి రానివ్వని సీళ్లు పోయినట్టే. దీనికి మెకానిక్ అక్కర్లేదు, స్క్రూడ్రైవర్ చాలు. కుర్రాడు ఆ బోటు కొనలేదు, నాకు మనసు కుదుటపడింది.

ఇప్పుడు కొత్తగా వచ్చిన చిక్కు పెట్రోలు. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు చేరతాయి. మనం కలిపిన టూ స్ట్రోక్ ఆయిల్ పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఇంజిన్ ట్యాంకు అడుగు నుంచి లాగిందంటే ఆయిల్ లేని సరుకు లోపలికి పోతుంది. ఆ ఇథనాల్‌కే పాత రబ్బరు పైపులు మెత్తబడి పగులుతాయి. అందుకని పాత పెట్రోలు పారబోయకుండా పక్కకు తీసిపెట్టి కొత్తది పోయండి, పైపులు మార్చండి, నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టించండి. బోటు కొన్నాళ్లు నిలిపేటట్లయితే పెట్రోలు పైపు ఊడదీసి, కార్బ్యురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా నీళ్ల డ్రమ్ములోనే ఇంజిన్ తిప్పి ఆపండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది. వాసన వస్తుంటే స్విచ్ జోలికి పోవద్దు.

ఇంజిన్ పక్కన ఒక ఎర్ర తాడు ఉంటుంది. నడిపేవాడి ఒంటికి తగిలించుకునేది. మనిషి నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. పాత బోట్లలో చాలాసార్లు అది కనబడదు, దాని బదులు వైరు చుట్టేసి ఉంటుంది. మనిషి లేని బోటు గుండ్రంగా తిరుగుతూ పడ్డవాడి మీదికే రావచ్చు. ఆ తాడు లేకుండా నేనైతే ఎవరినీ బోటు ఎక్కనివ్వను. లైఫ్ జాకెట్ల సంగతీ అంతే. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు అందులో మన తెలంగాణ వాళ్లూ ఉన్నారు. ఆ బోటును పైకి తీయడానికే నెల దాటింది. మన బోటు చిన్నదని, వెళ్లేది దగ్గరికేనని జాకెట్లు సీటు కింద పడేసేవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు.

కాగితాల మాట కూడా చెప్పాలి. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. ఇంజిన్ బోట్లకు సర్వే (అంటే బోటు తనిఖీ), రిజిస్ట్రేషన్, బీమా అందులో ఉన్నాయి. అమ్మేవాడి దగ్గర ఏ కాగితం ఉందో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఇక గండిపేటలో తిప్పుకోవచ్చా అని అడిగే వాళ్లకు నా జవాబు ఒకటే. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలు మన తాగునీళ్లు. టూ స్ట్రోక్ ఇంజిన్ కొంత పెట్రోలునూ ఆయిల్‌నూ కాల్చకుండానే నీళ్లలోకి వదులుతుంది. ఆ నీళ్ల జోలికి పోవద్దు.

నగరంలో ఐటీఐలు ఉన్నాయి, హుస్సేన్‌సాగర్‌లో రోజూ బోట్లు నడిపే అనుభవజ్ఞులు ఉన్నారు. పర్యాటక శాఖ వీళ్లందరినీ ఒకచోట కలిపి, పాత బోట్లు కొనేవాళ్లకూ నడిపేవాళ్లకూ ఆదివారం పూట తరగతులు పెట్టాలి. తెలుగులో చెప్పాలి, ఇంజిన్ విప్పి చూపించాలి. జలాశయాలు నిండే వానాకాలం చివర్లోనే కొనుగోళ్లు ఎక్కువ, కాబట్టి అంతకు ముందే మొదలుపెడితే మేలు. మీ పత్రిక ఈ మాట అధికారుల దాకా తీసుకెళ్లాలని కోరుతున్నాను. విప్పి చూపడానికి ఇంజిన్ కావాలంటే మా షాపులో పాతది ఒకటుంది, డ్రమ్ముతో సహా నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక పంపుసెట్ల మెకానిక్,
రాణిగంజ్, సికింద్రాబాద్